పురుగు ముట్టిన ఆదివారం

గుట్ట కింది ఊళ్లో పామును పాము అనరు, పురుగు అంటారు. పాము కరిచిందని కూడా అనరు, పురుగు ముట్టింది అంటారు. నేను ఆ ఊరికి టీచరుగా వెళ్లిన కొత్తలో మా ఇంటి యజమానురాలు, "దొడ్లెకు పోయేటప్పుడు కిందికి సూసుకుంట పో మేడం, పురుగులు తిరుగుతయ్" అంటే నేను ఏ గొంగళి పురుగులో అనుకున్నాను. "నాకు పురుగులంటే భయం లేదమ్మా" అని కూడా అన్నాను. ఆమె నా మొహం కేసి కాసేపు చూసి, నవ్వి ఊరుకుంది.

నేను వరంగల్ బజారులో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నది బట్టల దుకాణం, దాని వెనకే ఇల్లు. నేల అంటే మాకు షాబాదు బండలే. ఎలుకలు, బొద్దింకలు, ట్యూబులైటు చుట్టూ తిరిగే బల్లులు తప్ప వేరే ప్రాణి మా ఇంట్లోకి వచ్చిన గుర్తు లేదు. ఇరవై ఏడో ఏట ఉద్యోగం వచ్చి, నర్సంపేట దాటి అడవి వైపు పోయే దారిలో ఒక ప్రాథమిక పాఠశాలలో వేశారు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నెల రోజులు అలా తిరిగి, ఒళ్లు హూనమై, ఊళ్లోనే గది తీసుకున్నాను. ఖాళీగా ఉన్న గది ఆ ఒక్కటే. ఊరికి చివర, గుట్టకు మరీ దగ్గర. పెరటి ప్రహరీ అయిపోయిన చోట గుట్ట రాళ్లు మొదలయ్యేవి.

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆమెకు యాభై దాటి ఉంటాయి, భర్త పదేళ్లు పెద్ద. రెండెకరాల్లో పత్తి, కొంచెం వరి. ఒక్కతే కూతురు, పెళ్లయి వర్ధన్నపేట దగ్గర ఉంటుంది. పదిహేను రోజులు తిరక్కుండానే నేను ఆమెను పెద్దమ్మా అని, ఆయన్ని పెద్దనాయినా అని పిలవడం మొదలుపెట్టాను. మేడం అనేది పోయి, ఆమె నోట బిడ్డా అని రావడానికి మాత్రం ఒక తేలు కావలసి వచ్చింది.

వేసవి చివర. స్నానం చేసి వచ్చి తీగ మీది తువ్వాలు తీసుకోబోతుంటే ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. తువ్వాలును కర్రతో ఎత్తి విదిలించింది. నల్లగా, అరచేయంత తేలు టప్పున నేల మీద పడింది. నేను అరిచి వాకిట్లోకి పరిగెత్తాను. ఆమె పట్టకారుతో దాని తోక పట్టుకుని, రోకలి చివరతో ఒక్క పోటు పొడిచి, బూడిద కుప్పలో పారేసి, చేతులు కడుక్కుంది.

"గింతదానికే ఉరుకుతే ఎట్ల బిడ్డా? ఇది గుట్ట. మనం వాటి ఇంటికి వచ్చినం గని అవి మన ఇంటికి రాలే."

ఆ రోజు నుంచి ఆమె నాకు ఆ ఊళ్లో బతకడం నేర్పింది. మంచం గోడకు ఆనించకూడదు. దోమతెర అంచు పరుపు కిందికి దోపాలి, అది దోమలకోసం కాదు. కట్టెలు గోడ పక్కన పేర్చుకుంటే తేళ్లకు గూడు కట్టి ఇచ్చినట్టే. వడ్లు ఎక్కడుంటే ఎలుకలు అక్కడ, ఎలుకలు ఎక్కడుంటే పురుగు అక్కడ. కోళ్లు ఊరికే ఒకే వైపు చూస్తూ కొక్కొక్కొమంటుంటే అటు పోకు. ఒకసారి పెరట్లో ఆరడుగుల పాము సరసర పాకిపోతుంటే నేను కొయ్యబారిపోయాను. ఆమె చీపురు కూడా కింద పెట్టలేదు. "జెర్రిపోతు అది. ఎలుకలు తిని పోతది. పోనీ" అంది. పచ్చగా, సన్నగా చెట్టు మీద వేలాడేది ఏదో, నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లుండేది ఏదో, గుండ్రటి గొలుసు మచ్చలుండేది ఏదో చెప్పింది. ఆ చివరి రెండిటి గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. "కట్లపాము, పింజర. ఈ రెండిటి తోని పరాష్కాలు పనికిరావు."

మొదటి వాన పడగానే గుట్ట మీది నుంచి ఎర్రమట్టి నీళ్లతో పాటు సమస్తం దిగి వచ్చింది. ఎర్రటి మఖమల్ గుండీల్లాంటి ఆరుద్ర పురుగులు బడి ఆవరణంతా పాకాయి. ఉసిళ్లు దీపం చుట్టూ ఎగిరి రెక్కలు రాల్చుకుని అన్నంలో పడ్డాయి. వంటగది తూములోంచి జెర్రులు వచ్చాయి. ఒక సాయంత్రం బియ్యం కడుగుతుంటే వాటిలో ఒకటి నా బొటనవేలు పట్టింది. భుజం దాకా నిప్పు పెట్టినట్టు మండింది. పెద్దమ్మ నా చెయ్యి నీళ్లలో ముంచి పట్టుకుని గంటసేపు పక్కనే కూర్చుంది. "సావవు బిడ్డా, ఏడ్వకు. తెల్లారేసరికి వాపు గుంజుతది" అంది. అలాగే తగ్గింది. ఆమె చెప్పింది ఏదీ తప్పిపోలేదు. తరవాత జరిగినదానికి ఇదే నా సంజాయిషీ. ఎంత పనికిమాలినదైనా, నా దగ్గర ఉన్నది ఇదొక్కటే.

నేను వెళ్లిన రెండో ఏడు గుట్టకు అవతలి పక్కన గ్రానైట్ క్వారీ తెరిచారు. మధ్యాహ్నం అన్నాల వేళకు ఢామ్మని పేలేది. బడి కిటికీలు అదిరేవి, పిల్లలు చెవులు మూసుకుని నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు ఊళ్లో పాములు ఎక్కువయ్యాయి. పశువుల కొట్టంలో, చేతిపంపు గట్టు కింద, ఒకసారి మా బడి వంటగది గ్యాసు బండ వెనక. "గుట్టల వాటి ఇండ్లు కూల్తానయ్. ఎటు పోవాలె అవి మాత్రం?" అనేది పెద్దమ్మ. ఆమె గొంతులో కోపం ఉండేది కాదు. పక్క ఊరి వాళ్ల కష్టం చెప్పినట్టు చెప్పేది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం. పత్తి ఏరడానికి కూలీలు దొరకలేదు. "నేనూ వస్తా పెద్దమ్మా" అన్నాను. సరదా తప్ప దానిలో సాయం ఏమీ లేదు. ఆమె నాకు పాత చీర ఒకటి నడుముకు ఒడిలా కట్టింది. తను ముందు సాలులో, నేను ఆమె పక్క సాలులో. ఎండ అప్పుడప్పుడే వేడెక్కుతోంది. పక్క చేన్లో ఎవరో వీపున పంపు తగిలించుకుని మందు కొడుతున్నాడు. పెద్దనాయిన అవతల వరి మడి దగ్గర ఉన్నాడు.

పది గంటలప్పుడు నాకు ఒక చప్పుడు వినిపించింది. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేయడానికి ముందు ఆవిరి తోసుకొస్తుంటుంది చూడండి, అలాంటి బుస్సుమనే చప్పుడు. ఆగింది, మళ్లీ వచ్చింది. పక్క చేన్లో పంపు గాలి వదులుతోందనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. చేతిలో ఉన్న కాయలోంచి పత్తి లాగుతూనే ఉన్నాను. అంతలో పెద్దమ్మ "అవ్వో" అని చిన్నగా అంది. మొక్కల మధ్య నుంచి వెనక్కి ఒక అడుగు వేసి, కింద కూలబడింది.

"పురుగు ముట్టింది బిడ్డా."

మడమకు పైన రెండు చుక్కలు. వాటిలోంచి నెత్తురు ఒక సన్నటి గీతలా దిగుతోంది. ఆమె వేలుతో చూపించిన వైపు చూస్తే, మొక్క మొదట్లో లావుగా, మట్టిరంగులో, గొలుసు మచ్చలతో అది ఇంకా అక్కడే చుట్ట చుట్టుకుని ఉంది. ఆ చప్పుడు చేస్తోంది అదే.

నేను చున్నీతో ఆమె కాలు బిగించి కట్టాను. అలా కట్టకూడదని తరవాత తెలిసింది. నా కేకలు విని పెద్దనాయిన గట్ల మీంచి పరిగెత్తి వచ్చాడు. నా స్కూటీ చేను పక్కన బండ్ల బాట మీద ఉంది. ఆయన ఆమెను ఎత్తుకుని వచ్చి మధ్యలో కూర్చోబెట్టి, తను వెనక ఎక్కి పట్టుకున్నాడు.

"నర్సంపేట దవాఖానకు పోదాం" అన్నాను.

"మంతరమాయన కాడికి పోనీ బిడ్డా" అంది పెద్దమ్మ. గొంతు నిబ్బరంగానే ఉంది. "మా అవ్వకు ముట్టినప్పుడు గాయన తండ్రే బతికిచ్చిండు."

పెద్దనాయిన కూడా అదే అన్నాడు. నర్సంపేట ఒక దిక్కు, మంత్రం వేసే ఆయన ఊరు ఇంకో దిక్కు. నేను హ్యాండిల్ పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. పాములూ తేళ్ల విషయంలో ఈమె నాకు అబద్ధం చెప్పలేదు కదా అనిపించింది. బజారు పిల్లను, ఈమెకంటే నాకేం తెలుసు అనిపించింది. బండి ఆమె చెప్పిన దిక్కుకే తిప్పాను. రెండోసారి దవాఖాన మాట ఎత్తలేదు.

మంత్రం వేసే ఆయన ముసలాయన, మర్యాదస్తుడు. చాప పరిచి కూర్చోబెట్టాడు. ఏదో గొణుగుతూ వేపకొమ్మతో భుజం నుంచి పాదం దాకా దిగదుడిచాడు. కొన్ని వేపాకులు నమలమన్నాడు.

"చేదుందా?"

"ఉన్నది."

"గట్లయితే విషం తలకెక్కలే. ఇగ ఫికర్ జెయ్యకు చెల్లె."

పెద్దనాయిన కళ్లు తుడుచుకున్నాడు. వాళ్ల కోడలు మాకు మంచినీళ్లు ఇచ్చింది. ఇంకా దిగుతుందని, ఇంకా దిగుతుందని ఆయన మళ్లీ మళ్లీ దిగదుడుస్తూనే ఉన్నాడు. గంట గడిచింది, గంటన్నర గడిచింది. కాలు మోకాలి దాకా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. పెద్దమ్మ నమిలిన ఆకులు పక్కకు ఉమ్మింది. ఎర్రగా పడింది. ఆకు వక్క అలవాటు లేని మనిషి ఆమె. నేను దగ్గరికి వెళ్లి చూస్తే పళ్ల చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. మడమ మీది చుక్కల్లోంచి వచ్చేది కూడా ఆగనే లేదు.

అప్పుడు అరిచాను. ఊళ్లో ఎవరిదో ఆటో మాట్లాడి, ఆమెను పడుకోబెట్టి నర్సంపేట చేరేసరికి ఒంటిగంట దాటింది.

డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. ముందు నా చున్నీ ముడి విప్పించింది. పెద్దమ్మ చేతి నుంచి కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టి, గడియారం చూసింది. ఇరవై నిమిషాలకు గొట్టాన్ని మెల్లగా వంచింది. లోపలి రక్తం నీళ్లలా ఒక పక్కకు జారింది. గడ్డ కట్టలేదు. అప్పటికే సెలైన్‌లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

"ఎన్నింటికి కరిచింది?"

"పది గంటలకు" అన్నాడు పెద్దనాయిన.

"ఇక్కడికి ఒంటిగంట దాటినంక వచ్చిండ్రు. మధ్యల ఎక్కడున్నరు?"

పెద్దనాయిన నేల చూపులు చూశాడు. నేను చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. మీరు ఎవరమ్మా అని అడిగింది. ఇంట్లో అద్దెకుంటానని చెప్పాను, ఊళ్లో టీచర్ని అని చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రానికి అంబులెన్సులో వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకువచ్చారు.

మూడో రోజుకు మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు పని చేయడం లేదన్నారు. రోజు విడిచి రోజు డయాలసిస్ పెట్టారు. కూతురు వర్ధన్నపేట నుంచి వచ్చి మంచం దగ్గరే ఉండిపోయింది. నేను బడికి సెలవు పెట్టి మా నాన్న ఇంట్లో ఉంటూ, పొద్దునా సాయంత్రం దవాఖానకు వెళ్లేదాన్ని. మా అమ్మ గంజి కాచి స్టీలు డబ్బాలో ఇచ్చేది. వార్డు బయట వరండాలో పెద్దనాయిన తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. నన్ను చూసి లేచి నిలబడేవాడు. ఎందుకు నిలబడతాడో నాకు అర్థమయ్యేది కాదు. కూర్చో పెద్దనాయినా అంటే కూర్చునేవాడు.

ఆరో రోజు సాయంత్రం ఆమెకు కాస్త తేటగా ఉంది. కూతురు మందుల కోసం కిందికి వెళ్లింది. మొహం ఉబ్బి కళ్లు సన్నగా గీతల్లా ఉన్నా నన్ను గుర్తుపట్టింది.

"గది తాళం ఏసినవా బిడ్డా?"

"వేసిన పెద్దమ్మా."

"పోంగనే తలుపు తీసి లోపలికి పోకు. కొద్దిసేపు బయట నిలబడు. మనుషులు లేని ఇంట్ల చేరుతయ్."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, ఆరు రోజుల నుంచి దాచుకున్నది చెప్పేశాను. "పెద్దమ్మా, నాకు ఆ సప్పుడు ముందే ఇనబడ్డది. పక్క చేన్ల పంపు అనుకున్న. నీకు చెప్పలే."

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"నేను గూడ ఇన్న" అంది. "నేను గూడ పంపే అనుకున్న."

ఇప్పటికీ ఆ మాట నాకు తెగదు. యాభై ఏళ్లు ఆ గుట్ట కింద బతికిన మనిషి, కోళ్ల అరుపును బట్టి పెరట్లో ఏముందో చెప్పే మనిషి, పింజర బుసను పంపు అనుకుందంటే నమ్మలేను. నా కోసం అందేమో అనుకుంటే, అంత బాధలో కూడా నా కోసం ఆలోచించిందని ఇంకా కుంగిపోతాను. నిజంగానే అనుకుందేమో. క్వారీ పేలుళ్లతో ఆమె చెవులు కూడా మందగించాయేమో. కొన్ని రోజులు అలా నమ్ముతాను, కొన్ని రోజులు ఇలా.

పన్నెండో రోజు పొద్దున చనిపోయింది.

ఊరికి తీసుకువచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. ఆమె తమ్ముడి వరస వాళ్లు నలుగురు కర్రలు పట్టుకుని చేనంతా గాలించి, ఒక పామును చంపి తెచ్చి కంచె మీద వేలాడదీశారు. పొడుగ్గా, మచ్చల్లేకుండా ఉంది. జెర్రిపోతు. పెద్దనాయిన దాన్ని చూసి, "ఇది కాదు" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

మంత్రం వేసే ఆయన కూడా వచ్చాడు. లోపలికి రాకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు. నేను ఆయన్ని నాలుగు మాటలు అందామనే వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు.

"సదువుకున్నోళ్లు, మీరన్న జర గట్టిగ చెప్పకపోతిరా మేడం? నా కాడికి ఆశతోని వచ్చినోళ్లను నేను ఎట్ల పొమ్మంట?"

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. తిరిగి వచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను.

ఆ ఏడు పెద్దనాయిన ఆ చేనులోకి అడుగు పెట్టలేదు. ఏరని పత్తి చెట్ల మీదే వేలాడి, అకాల వానకు తడిసి నల్లబడింది. నేను బడి సెలవుల దాకా అదే గదిలో ఉన్నాను. ఆయన తన కోసం ఇంత అన్నం వండుకుని, నాకూ ఒక గిన్నెలో పెట్టి గడప దగ్గర ఉంచి వెళ్లేవాడు. నేను తినేదాన్ని. ఇద్దరం ఆ ఆదివారం గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. వేసవిలో కూతురు వచ్చి ఆయన్ని తీసుకుపోయింది, నేను ఊరి మధ్యలో వేరే గదికి మారాను.

మరుసటి ఏడు పత్తి సమయంలో, కూలికి వచ్చిన ఒక ఆడమనిషికి పురుగు ముట్టిందని బడికి కబురు వచ్చింది. పిల్లల్ని వంట ఆమెకు అప్పగించి పరిగెత్తాను. చేతికి ముట్టింది. మొగుడు, అత్త, ఇంకో ఇద్దరు ఆమెను ఆటోలో ఎక్కిస్తున్నారు. ఆటో మొహం మంత్రం వేసే ఆయన ఊరి వైపే ఉంది. నేను ఆటోకు అడ్డంగా నిలబడ్డాను.

"నర్సంపేటకు తిప్పుండ్రి. ఒక్క నిమిషం గూడ ఆగొద్దు" అన్నాను.

"మీరు గూడ గాడికే పోతిరి గద మేడం" అంది అత్త.

నిజమే. "పోయిన. అందుకే సచ్చిపోయింది" అని అరిచాను. పెద్దమ్మ చావు గురించి నేను ఊళ్లో బాహాటంగా ఆ మాట అనడం అదే మొదటిసారి. డ్రైవరు నన్ను చూశాడు, వాళ్లను చూశాడు. ఎవరి మాటా వినకుండా ఆటో తిప్పాడు. నేను వెనక స్కూటీ మీద వెళ్లాను. లోపల వాళ్లు గాజు గొట్టం బల్ల మీద పెట్టి ఇరవై నిమిషాలు ఆగుతుంటే, నేను దవాఖాన బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాను. లోపలికి వెళ్లే ధైర్యం లేకపోయింది.

ఆమె బతికింది. కుడిచేతి రెండు వేళ్లు కుళ్లిపోతే తీసేశారు. నాకు బదిలీ అయిన తరవాత, మొన్నామధ్య పని మీద నర్సంపేట వెళ్తే బస్టాండు పక్క అంగట్లో ఆమే పలకరించింది. ఆ చేతిని కొంగు కింద దాచుకుని ఉంది. నేను చూడనట్టే చూశానని కనిపెట్టి బయటికి తీసి చూపించింది.

"పత్తి ఏరవస్తలేదు మేడం, పట్టు దొరుకుతలేదు" అంది. "ఇప్పుడు మిర్పకాయకు పోతాన."

మిరప చేలు ఎటున్నాయని అడిగాను. గుట్ట వైపే అంది. అంతలో వాళ్ల ఊరి బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కింది.